కర్బలా శోకానికి తెలుగు వంత

క్రీ.శ. 680లో, హిజ్రీ 61వ సంవత్సరం మొహర్రం నెల పదో రోజున, ఇరాక్‌లోని కర్బలా మైదానంలో మహమ్మద్ ప్రవక్త మనవడు ఇమామ్ హుస్సేన్, ఆయన బంధువులు, అనుచరులు ఖలీఫా యజీద్ సైన్యం చేతిలో ప్రాణాలు వదిలారు. ఆ మరణాలను తలచుకుని ఏటా పాడే శోకగీతాల సంప్రదాయం హైదరాబాద్‌లో నాలుగు వందల ఏళ్లకు పైగా నిలిచి ఉంది. పాతబస్తీ మజ్లిస్‌లలో, అంటే శోకసభల్లో, అది ఉర్దూలో మర్సియాగా, నోహాగా వినిపిస్తుంది. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పీర్ల పాటగా తెలుగులో వినిపిస్తుంది. అరబ్బు నేల మీది కథ, పారశీక ఛందస్సు, హిందుస్తానీ రాగం, దక్కనీ నుడి, తెలుగు దరువు ఒకే మరణం చుట్టూ చేరిన సామూహిక శోకగానం ఇది.

దీని మొదళ్లు కుతుబ్‌షాహీల కాలంలో ఉన్నాయి. 1591లో హైదరాబాద్‌ను నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా దక్కనీలో మర్సియాలు రాశాడు. చార్మినార్ లేచిన కొద్ది కాలానికే మొహర్రం సంతాపాలు జరిపే బాద్‌షాహీ ఆశూర్‌ఖానా వెలిసింది. అక్కడి గోడలమీది రంగురంగుల పలకల పనితనం ఆయన తర్వాతి తరంలోనూ కొనసాగింది. 1687లో గోల్కొండ మొగలుల వశమయ్యాక ఈ వేడుకలకు రాజాదరణ తగ్గింది. ఆసఫ్‌జాహీల కాలంలో ఆశూర్‌ఖానాలు మళ్లీ కళకళలాడాయి. లక్నో మర్సియాకు మహాకవి అనదగిన మీర్ అనీస్ 1871లో హైదరాబాద్ వచ్చి ఇక్కడి సభల్లో తన మర్సియాలు వినిపించాడు.

మజ్లిస్‌కు ఒక క్రమం ఉంది. ముందు సోజ్. ముఖ్య గాయకుడు పదాన్ని ఎత్తుకుంటాడు. పక్కన కూర్చున్న ఇద్దరు ముగ్గురు ఆధార స్వరాన్ని విడవకుండా పట్టి ఉంచుతారు. తంబురా, హార్మోనియం వంటి వాద్యమేదీ ఉండదు. శ్రుతి భారమంతా మనిషి గొంతుదే. స్వరాలు హిందుస్తానీ రాగాల దారిలోనే నడుస్తాయి, అయినా దీన్ని పాడటం అనరు, చదవడం అంటారు. గొంతు విద్వత్తు చూపే తానాలకు, ఆలాపనలకు ఇక్కడ చోటు తక్కువ. మాట స్పష్టంగా వినపడాలి, విన్నవారి కంట నీరు రావాలి. సోజ్ తర్వాత సలాం, ఆపైన మర్సియా వస్తాయి. అటు తర్వాత జాకిర్ ప్రసంగిస్తాడు. మొదట అమరుల గుణగణాలు చెప్పి, చివరకు వారు పడ్డ కష్టాల దగ్గరకు వస్తాడు.

మర్సియాకు స్థిరపడిన రూపం ఆరు పాదాల ముసద్దస్. మొదటి నాలుగు పాదాలకూ ఒకే అంత్యప్రాస, చివరి రెండింటికీ వేరొకటి. నాలుగు పాదాలు సన్నివేశాన్ని పేర్చుకుంటూ పోతే, మారిన ప్రాసతో వచ్చే రెండు పాదాలు దాన్ని తేల్చి చెబుతాయి. సభికుల నిట్టూర్పు సాధారణంగా అక్కడే వినిపిస్తుంది. పెద్ద మర్సియాలో కథకు కూడా అంగాలున్నాయి: ప్రస్తావన, వీరుడి రూపవర్ణన, ఇంటివారి దగ్గర సెలవు, రణరంగ ప్రవేశం, వీరాలాపం, యుద్ధం, బలిదానం, చివరగా బైన్, అంటే ఆడవారి విలాపం. వీరుడు గుడారంలో తల్లికీ చెల్లెలికీ వీడ్కోలు చెప్పే ఘట్టాన్ని కవులు యుద్ధం కన్నా ఎక్కువ శ్రద్ధతో మలిచారు.

సభ చివర అందరూ లేచి నిలబడతారు. నోహా మొదలవుతుంది. నోహాలో పాదాలు పొట్టివి, పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది. గుండెల మీద పడే అరచేతుల దెబ్బ, అంటే మాతం, దీనికి తాళం. ముందు నిదానంగా మొదలై, నోహా సాగేకొద్దీ లయ బిగుస్తుంది. సోజ్‌లో వింటూ కూర్చున్నవారే ఇక్కడ గాయక బృందమవుతారు. పదో రోజున దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద బయలుదేరే బీబీ కా ఆలం అనే ధ్వజం వెంట నోహాలు చదువుతూ జనం నడుస్తారు. ఊరేగింపు ముగిసేది మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్‌లో.

పల్లెలో ఈ శోకం వేరే ఒడుపు పట్టింది. పీరు అంటే కర్రకు బిగించిన లోహపు ఆలం. చాలా పీర్లకు పంజా ఆకారం ఉంటుంది. దాని ఐదు వేళ్లు ప్రవక్తకు, అలీకి, ఫాతిమాకు, హసన్, హుస్సేన్‌లకు గుర్తు. పీర్ల చావిడిలో నిలిపిన వీటికి దట్టీలు కట్టి, పూలు చుట్టి, ఊదు వేస్తారు. చావిడి ముందు గుండం తవ్వి నిప్పు రాజేస్తారు. మజ్లిస్ దూరం పెట్టిన వాద్యం ఇక్కడ ముందుకు వస్తుంది. డప్పు దరువు మీద జనం గుండం చుట్టూ అడుగులు వేస్తారు. ఒకరు చరణం అందుకుంటే మిగతావారు వంత పాడతారు. చాలా ఊళ్లలో ముజావర్ ముస్లిం లేదా దూదేకుల, డప్పు కొట్టేది దళితులు, మొక్కులు చెల్లించేది అన్ని కులాలవారు. ముస్లిం కుటుంబాలు లేని ఊళ్లలో కూడా పీర్లు లేస్తాయి. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పేరుతో జరిగే పీర్ల పండుగ పేరెన్నికగన్నది. దాని గురించి అఫ్సర్ మహమ్మద్ రాసిన పరిశోధన గ్రంథం 2013లో వెలువడింది.

పీర్ల పాటలో హసన్, హుస్సేన్‌లు ఊరి బిడ్డలవుతారు. యుద్ధానికి పోయే కొడుకును ఆపలేని తల్లి అతన్ని పేరు పెట్టి, వరస పెట్టి పిలుస్తూ ఏడుస్తుంది. చావింట శోకాలు పెట్టి ఏడ్చే తెలుగు ఆడవారి రాగం, వరసలు ఇందులో అలాగే ఉంటాయి. మర్సియాలోని బైన్‌కు పల్లె ఇచ్చిన రూపం ఇదే. అక్షరం రాని మనిషికి కూడా కర్బలా అర్థమైంది ఈ శోకం ద్వారానే.

ఇరవయ్యో శతాబ్దం నుంచి పాశ్చాత్య స్వరకర్తలు మృతుల కోసం రాసే రెక్వియమ్‌ను కూడా ఇలాగే వేర్వేరు చోట్ల మాటలు చేర్చి విస్తరించారు. 1962లో కొవెంట్రీ కెథడ్రల్‌లో తొలిసారి వినిపించిన బెంజమిన్ బ్రిటెన్ వార్ రెక్వియమ్‌లో లాటిన్ ప్రార్థనల పక్కన విల్‌ఫ్రెడ్ ఓవెన్ యుద్ధ కవితలు చేరాయి. రెక్వియమ్ అనే మాటను పేరులోనే చేర్చుకున్న ఫిలిప్ గ్లాస్ ఐదో సింఫనీని 1999లో సాల్జ్‌బర్గ్‌లో తొలిసారి ప్రదర్శించారు. పెద్ద గాయక బృందం, ఆర్కెస్ట్రా కలిసి అందులో అనేక మతాల, జాతుల గ్రంథ భాగాలను వినిపిస్తాయి. కార్ల్ జెంకిన్స్ 2005 నాటి రెక్వియమ్‌లో జపనీస్ హైకూలు ఉన్నాయి. అక్కడ ఒక స్వరకర్త ఎంపిక చేసి కూర్చిన పనిని ఇక్కడ పేరు తెలియని తరాలు చేశాయి.

ఈ సంప్రదాయం విలువ కూడా ఆ పనితీరులోనే ఉంది. సోజ్ డప్పు కోసం మారలేదు, డప్పు సోజ్ కోసం ఆగలేదు. ఎవరి విద్యను వారు తెచ్చి ఒకే మరణం ముందు పెట్టారు. ఒక మతం వారి దుఃఖాన్ని మరో మతం వారు తమ సొంత ఏడుపు రాగంలో పాడుకోగలిగారు. అన్యాయానికి తలవంచని మనిషి మరణం అందరి ఇంటి మరణమనే ఎరుకను పుస్తకం లేకుండానే తరం నుంచి తరానికి అందించారు. పీర్ల పాటలు ఎక్కువగా నోటి నుంచి నోటికి వచ్చినవి. వాటిని కాపాడాలంటే మాటలు రాసుకోవడం ఒక్కటే చాలదు. పాట అందుకునే గొంతు, వంత పాడే గుంపు, దరువు ఎరిగిన చేయి, ఈ మూడూ ఊళ్లో ఉండాలి.