ఇంజనుకు తగ్గ ప్రొపెల్లర్

అమృతలూరు పొలాలకు దక్షిణాన, సముద్రం అంచున నిజాంపట్నం హార్బర్ ఉంది. అక్కడ పడవకు ఇంజను ఎక్కించే మెకానిక్ పనిలో కష్టమైనది బోల్టులు బిగించడం కాదు, ఇంజనుకూ ప్రొపెల్లర్‌కూ జోడీ కుదర్చడం. హార్స్‌పవర్ ఎక్కువుంటే చాలనుకుంటాం. కానీ ప్రొపెల్లర్ లాగే పవర్ దాని తిరిగే వేగపు ఘనంతో పెరుగుతుంది: 10 శాతం వేగంగా తిప్పాలంటే సుమారు 33 శాతం ఎక్కువ పవర్ కావాలి. రెక్కల వంపు ఎక్కువైతే ఇంజను ముక్కుతూ నల్లపొగ కక్కుతుంది. తక్కువైతే రొదే తప్ప వేగం రాదు. అందుకే గేర్‌బాక్సుతో వేగం తగ్గించి, పెద్ద ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పడం మేలు. వల లాగే పడవకు ఇది మరీ అవసరం.

ఈ లెక్కలన్నీ కంపెనీ పట్టికల్లోనే ఉన్నాయి కదా, మెకానిక్ గొప్పేముందని అడగవచ్చు. నిజమే, పట్టిక చూడకుండా మొదలుపెడితే గుడ్డిలెక్కే. అయితే ఐసు, డీజిలు, వలలు నింపుకున్నాక పడవ ఎంత మునుగుతుందో, అడుగున నాచు ఎంత పట్టిందో పట్టికకు తెలియదు. నిండు బరువుతో నడిపించి, ఇంజను చుట్లూ పొగా చూసి సరిదిద్దాల్సిందే. వేగం పెరిగేకొద్దీ పవర్ ఎన్నో రెట్లు కావాలన్న సూత్రం విశాఖలో మ్యూజియంగా ఉన్న ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామికీ వర్తించేది. నీటి కింద డీజిలు ఇంజనుకు గాలి అందదు కనుక బ్యాటరీలతో మోటార్లు తిరిగేవి; వేగం పెంచితే ఛార్జి త్వరగా కరిగిపోయేది. అలాంటి నౌకలకు పవర్‌కూ ప్రొపెల్లర్‌కూ పొందిక చూడటానికి నిపుణుల బృందాలుంటాయి. రేవులో ఆ భారం మెకానిక్ చెవి మీద, అనుభవం మీద పడుతుంది. జోడీ తప్పితే ప్రతి వేటకూ డీజిలు ఖర్చు పెరుగుతుంది. కుదిరితే ఎవరికీ గుర్తుండదు. కూలి కట్టేటప్పుడు పనిచేసిన గంటలతో పాటు జోడీ కుదిర్చిన ఆ నిర్ణయానికీ విలువ కట్టాలి.