37 మిల్లీమీటర్లు

"బాబాయ్, 95 చూపిస్తోంది. కాలిపోతుందా?" మే నెల మిట్టమధ్యాహ్నం మా అన్నయ్య కొడుకు ఫోన్. వాడి చిన్న కంప్యూటర్‌లో ఉన్న చిప్ రైజెన్ 7 7700ఎక్స్. కాలిపోదురా అన్నాను. 2022లో వచ్చిన ఆ తరం చిప్‌లను ఏఎండీ 95 డిగ్రీల దాకా నడిచేలాగే తయారుచేసింది. అక్కడికి చేరగానే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. వాడికి నమ్మకం కుదరలేదు, పెద్ద కూలర్ కొంటానన్నాడు. కొని ఆ చిన్న కేబినెట్‌లో ఎక్కడ పెడతాడు?

చిన్న కేబినెట్‌లో కూలర్‌ను నిర్ణయించేది స్కేలు. డాన్ ఏ4 అని 7.2 లీటర్ల కేబినెట్ ఒకటుంది. అందులో కూలర్ ఎత్తు 48 మిల్లీమీటర్లు దాటకూడదు. 47 మిల్లీమీటర్ల థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90 ఎలాగో దూరుతుంది. ఇంకా సన్నటి కేబినెట్ అయితే నాక్టువా వాళ్ల ఎల్9 ఉంది. దాని ఎత్తు 37 మిల్లీమీటర్లే. అందులో ఫ్యాన్ మందం 14 తీసేస్తే, అడుగు పలక, గొట్టాలు, రేకులు అన్నీ మిగతా 23లోనే సర్దుకోవాలి. పనితనం ముచ్చటేస్తుంది కానీ, అంత కాస్త లోహం ఎంత వేడిని మోస్తుంది?

7700ఎక్స్‌ను దాని మానాన వదిలేస్తే 142 వాట్ల దాకా లాగుతుంది. నన్నడిగితే డబ్బు పెట్టక ముందే బయోస్‌లోకి వెళ్లి, చిప్ లాగే వాట్లకు హద్దు పెట్టే ఎకో మోడ్ పెట్టాలి. 65 వాట్ల ఎకో మోడ్ అని పేరున్నా, అందులో గరిష్ఠం 88 వాట్లు. బ్రౌజర్, ఆఫీసు పని, ఆటలు... వీటిలో తేడా పట్టుకోవడం కష్టం. అన్ని కోర్లనూ పిండే వీడియో రెండరింగ్ కాస్త ఆలస్యమవుతుంది, అంతే. చివరి కొసరు వేగం కోసమే చిప్‌కు వోల్టేజీ బాగా పెంచాలి. ఖర్చయ్యే వాట్లేమో వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతాయి. ఆ కొసరు వదులుకుంటే వేడిలో పెద్ద వాటా పోతుంది. ఉత్త పుణ్యానికి వచ్చే ఈ మందు వదిలేసి కూలర్ల వేటలో పడేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం.

ఇక గది సంగతి. కూలర్ చిప్‌ను లోపలికొచ్చే గాలి కంటే చల్లగా చేయలేదు. ఇన్ని వాట్లకు ఆ గాలి మీద దాదాపు ఇన్ని డిగ్రీలు ఎక్కువ, అదే దాని లెక్క. 22 డిగ్రీల ఏసీ గదిలో 72 చూపిన కూలర్, 40 డిగ్రీల విజయవాడ గదిలో 90 చూపిస్తుంది. సమీక్షలో అంకె చూసేటప్పుడు ఆ గది ఎంత చల్లగా ఉందో కూడా చూడాలి.

కూలర్ ఫ్యాన్‌కూ కేబినెట్ పక్క జాలీకీ మధ్య ఖాళీ ఉంటే, ఫ్యాన్ లోపలి వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. ఆ సందు చుట్టూ స్పాంజి చట్రం కత్తిరించి పెడితే బయటి గాలి నేరుగా అందుతుంది. నాక్టువా అలాంటి కిట్ అమ్ముతోంది కూడా. ప్యాకింగ్‌లో వచ్చిన స్పాంజి చాలని నా అభిప్రాయం, ఫ్యాన్ రెక్కలకు తగలకుండా ఉంటే సరి.

చిన్న ఫ్యాన్లకు ఇంకో జబ్బుంది. బ్రౌజర్ తెరవగానే ఉష్ణోగ్రత ఒక్కసారి ఎగిరి దిగుతుంది, దాంతోపాటే ఫ్యాన్ కీచుమంటుంది. బయోస్‌లో ఫ్యాన్ స్పందనకు కొన్ని సెకన్ల ఆలస్యం పెడితే ఇల్లు ప్రశాంతం. దుమ్ము మాత్రం మనమే చూసుకోవాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కలను వేలితో పట్టుకోవాలి. వదిలేస్తే ఆ గాలికి గిర్రున తిరిగి బేరింగ్ దెబ్బతినొచ్చు.