‘డిస్‌ఇంటరెస్టెడ్’ : తెలుగు విమర్శలో ఒక ఆంగ్ల విశేషణం

మాథ్యూ ఆర్నాల్డ్ 1864లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ప్రసంగం మరుసటి ఏడు ‘ఎస్సేస్ ఇన్ క్రిటిసిజమ్’లో చేరింది. విమర్శ ‘డిస్‌ఇంటరెస్టెడ్’గా ఉండాలన్నది అందులోని ప్రధాన ప్రతిపాదన. దీన్ని ‘నిరాసక్త విమర్శ’ అని తెలుగు చేస్తే, విమర్శకుడికి రచనపై ఆసక్తి ఉండరాదని ఆర్నాల్డ్ చెప్పినట్లవుతుంది. ఆ వ్యాసంలోనే ఆయన జిజ్ఞాసను గట్టిగా సమర్థించాడు. ఇంగ్లండులో ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క పక్షానికి వాహికగా ఉందనీ, ఎడింబరో రివ్యూ విగ్గులకూ క్వార్టర్లీ రివ్యూ టోరీలకూ పనిచేస్తున్నాయనీ ఆయన ఆక్షేపణ. విమర్శకుడు వదులుకోవలసింది పక్ష ప్రయోజనాన్ని.

చిక్కు ‘ఇంటరెస్ట్’ అనే మాటలోనే ఉంది. ఆసక్తి, వడ్డీ అనే అర్థాలు తెలుగువారికి నిత్య వ్యవహారంలోనివి. ఒక విషయంలో ఒకరికి ఉండే లాభనష్టాల సంబంధం అనే మూడో అర్థం అంత పరిచితం కాదు. ‘డిస్‌ఇంటరెస్టెడ్’ శిష్ట ప్రయోగం ఈ మూడో అర్థంపైనే నిలుస్తుంది. ఆసక్తి లేకపోవడానికి ‘అన్‌ఇంటరెస్టెడ్’ వేరే ఉంది. అయితే ఆంగ్లంలోనూ ఈ హద్దు మొదటి నుంచీ స్థిరంగా లేదు. 17వ శతాబ్దంలో ఈ రెండు మాటలూ ఒకదాని అర్థంలో మరొకటి కనిపిస్తాయి. నేటి ఆంగ్ల వ్యవహారంలోనూ ఆ కలయిక ఉంది. కాబట్టి మూలంలో ఆ మాట కనబడగానే నిఘంటువు ఇచ్చే మొదటి అర్థాన్ని స్వీకరించడం క్షేమం కాదు. రచయిత కాలాన్ని, వాదాన్ని చూడాలి.

తెలుగు పర్యాయపదాలదీ ఇదే కథ. గీతలో ‘అసక్త’, ‘ఉదాసీన’ శబ్దాలు ఫలంపై మమకారం లేని స్థితిని ప్రశంసాపూర్వకంగా చెబుతాయి. గాంధీజీ తన గీతానువాదానికి ‘అనాసక్తి యోగం’ అని పేరు పెట్టింది ఆ అర్థంలోనే. నేటి తెలుగులో ‘అనాసక్తి’ అంటే ఇష్టం లేకపోవడం, ‘ఉదాసీనత’ అంటే పట్టించుకోకపోవడం. ‘ఉదాసీన విమర్శ’ అన్న మాట చదివిన విద్యార్థికి గీత గుర్తుకురాదు. ఉత్తరాలకు జవాబివ్వని కార్యాలయం గుర్తుకొస్తుంది!

‘నిష్పక్షపాతం’ వీటికంటే నయం. అయినా అది తీర్పు స్వభావాన్ని తెలుపుతుంది. ‘డిస్‌ఇంటరెస్టెడ్’ తీర్పు చెప్పేవాడి స్థానాన్ని తెలుపుతుంది. ఒక కంపెనీలో వాటాలున్న న్యాయమూర్తి ఆ కంపెనీ దావాలో నిష్పక్షపాతంగానే తీర్పు చెప్పవచ్చు, కానీ ‘డిస్‌ఇంటరెస్టెడ్’ మాత్రం కాలేడు. తన గురువు గ్రంథాన్ని సమీక్షించే పరిశోధకుడి స్థితీ అటువంటిదే.

కాంట్ దగ్గర సమస్య మరింత సూక్ష్మం. 1790 నాటి ‘క్రిటిక్ ఆఫ్ జడ్జ్‌మెంట్’లో ఆయన సౌందర్యానందాన్ని ‘ఇంటరెస్ట్’ లేనిదన్నాడు. అక్కడ ఆ మాటకు వస్తువు ఉనికితో ముడిపడిన సంతోషం అని అర్థం. ఒక రాజప్రాసాదం అందంగా ఉందా అని అడిగితే, దాని నిర్మాణానికి పేదల శ్రమ వ్యర్థమైందనడం ఆ ప్రశ్నకు జవాబు కాదని ఆయన ఉదాహరణ. దీన్ని ‘నిష్ప్రయోజన ఆనందం’ అంటే, ప్రయోజనం లేని ప్రయోజనవత్త్వం అని ఆయనే మరోచోట చేసిన వేరొక ప్రతిపాదనతో కలిసిపోతుంది. ‘అపేక్షారహిత ఆనందం’ ఇక్కడ మేలు. ఆర్నాల్డ్‌కు ‘స్వపక్ష ప్రయోజనాతీత విమర్శ’ సరిపోతుంది. ఇద్దరికీ ఒకే తెలుగు మాట వాడాలన్న పట్టుదల అనవసరం.

కాంట్‌ను రససిద్ధాంతంతో పోల్చే వ్యాసాల్లో ‘తాటస్థ్యం’ అనే మాట సులువుగా దొర్లుతుంది. భట్టనాయకుడు రసం తటస్థంగా గాని, ఆత్మగతంగా గాని ప్రతీతం కాదని స్పష్టంగా నిరాకరించి, సాధారణీకరణాన్ని ప్రతిపాదించాడు. కాంట్ విశేషణానికి ‘తటస్థ’ అని పేరుపెట్టి, ఆపైన దాన్ని సహృదయుడి స్థితితో సమం చేస్తే, భట్టనాయకుడు తోసిపుచ్చిన పక్షాన్నే ఆయనకు అంటగట్టినట్లవుతుంది.