గుత్తివంకాయకు దీటైన వైన్

వైన్ మంచిదో కాదో తేల్చడానికి మన ఇంటి వంటను మించిన పరీక్ష లేదు. చింతపండు పులుపు, ఎండుమిర్చి కారం, నువ్వులు-పల్లీల కమ్మదనం కలిసిన గుత్తివంకాయ పక్కన నాసిరకం వైన్ నిలవదు. తీపి ఎక్కువైతే వెగటు పుడుతుంది. పులుపు చాలకపోతే నీళ్లలా ఉంటుంది. ఆ పరీక్షలో నెగ్గిన ద్రాక్ష రాయచూరు సీమలోనే పండుతోంది.

1990ల చివర్లో కొప్పళ వేరే జిల్లా అయ్యేదాకా ఆ నేల రాయచూరు జిల్లాదే. హంపికి చేరువలోని గుట్టల నడుమ అక్కడ తోట వేసినవాళ్లు మన తెలుగు దంపతులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ. హైదరాబాదులో గ్రాన్యూల్స్ ఇండియా మందుల కంపెనీ నడిపించినవాళ్లు. తోటకు తమ ఇద్దరి పేర్లూ కలిపి క్రిష్మా ఎస్టేట్స్ అని పెట్టుకున్నారు. ఎర్ర వైన్‌కు కాబెర్నే సావిన్యోఁ, సాంజియోవేసే, తెల్ల వైన్‌కు సావిన్యోఁ బ్లాఁ వంటి రకాలు పెంచుతారు. ఆ సీమకు ద్రాక్ష కొత్తేమీ కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అక్కడి అంగళ్లలో ద్రాక్షగుత్తుల గురించీ వంకాయల గురించీ రాసిపెట్టాడు.

వైన్ తయారీలో నన్ను అబ్బురపరిచేది పీపాల గది కాదు, కత్తెర. చలిదేశాల్లో ద్రాక్షతీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. దక్కనులో ఆ నిద్ర లేదు, తీగ ఎప్పుడు కాయాలో రైతే నిర్ణయించాలి. ఏప్రిల్‌లో చేసే కత్తిరింపు కాయ కోసం కాదు, కొమ్మ కోసం. ఆ కొత్త కొమ్మ మొగ్గల్లోనే రాబోయే గుత్తులు కంటికి కనిపించకుండా రూపు కడతాయి. వానలు వెనకబట్టే వేళకు, సెప్టెంబరు-అక్టోబరులో, రెండో కత్తిరింపు. దాంతో పూత, పిందె. పండు మాగేది శీతాకాలం చివర. పగటి ఎండ చక్కెర పెంచుతుంది, రాత్రి చలి పులుపును నిలబెడుతుంది. ఎన్ని మొగ్గలు ఉంచాలి, గుత్తికి ఎంత ఆకునీడ కావాలి అన్నది మొక్క మొక్కకూ చూసుకోవాల్సిందే. కోతకు తొందరపడితే గింజలో పచ్చివగరు పోదు, ఆలస్యం చేస్తే పులుపు జారిపోతుంది. అందుకే తోట తెలిసినవాళ్లు పండు రుచితో ఆగరు, గింజ కూడా కొరికి చూస్తారు. తర్వాత ఎంత ఖరీదైన ఓక్ పీపాలో పోసినా, తోటలో పోయిన పులుపు తిరిగి రాదు.

ఆ పులుపే మన పళ్లేనికి కావలసింది. అదే రాయచూరు సీమలో తుంగభద్ర ఎడమ కాలువ వెంట, సింధనూరు, మాన్వి వైపు, ఆంధ్ర నుంచి వలస వచ్చిన రైతుల క్యాంపులున్నాయి. అక్కడ పెరట్లో గోంగూర, బీర, వంగ ఉన్న ఇంట్లో సీసా తెరిస్తే ఏది దేనికి నప్పుతుందో నాలుకే చెబుతుంది. గోంగూర పప్పుకు సావిన్యోఁ బ్లాఁ. పుల్లటి కూర పక్కన అంత పులుపూ లేని వైన్ చప్పబడిపోతుంది. గుత్తివంకాయకు సాంజియోవేసే. ఇటలీలో టమాటా వంటల సరసన పెరిగిన రకం కనుక చింతపండుకు బెదరదు. నువ్వులు, పల్లీల నూనె దాని వగరును మెత్తబరుస్తుంది. కాబెర్నేను మాత్రం కారపు కూరతో తాగకండి. కారం దాని వగరును గరుకుగా మారుస్తుంది, అందులోని ఆల్కహాలు కారపు మంటను ఇంకా పెంచుతుంది. దానికి వేటమాంసం వేపుడు సరి, అదీ మిరియాలతో.

ఈసారి వైన్ తెరిచినప్పుడు చీజ్ కోసం వెతక్కండి. పెరట్లో కోసిన లేత వంకాయలతో కారం కాస్త తగ్గించి గుత్తికూర వండండి. ఎర్ర వైన్‌ను గది వేడిమిలోనే తాగాలన్న మాట యూరప్ ఇళ్లకు చెల్లుతుంది, మన వేసవికి కాదు. తాగే ముందు సీసాను అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.