కాళ్లు లెక్కపెట్టాక పేరు పెట్టాలి

పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, అడవిని ఆనుకుని ఉన్న మామిడి చెట్ల దగ్గర ఆగడం నాకు అలవాటు. ఆకులు కలిపి గూళ్లు కట్టే ఎర్రచీమలు అక్కడ కొమ్మల మీద బారులు తీరి ఉంటాయి. బారుకు కాస్త ఎడంగా ఒక్కోసారి ఒకటి ఒంటరిగా తిరుగుతుంటుంది. అదే రంగు, అదే సన్నని నడుము.

భూతద్దంలోంచి చూస్తే సంగతి తెలుస్తుంది. ముందు కాళ్లు రెండూ మీసాల్లా గాలిలో ఆడుతుంటాయి. వాటితో కలిపి కాళ్లు ఎనిమిది. ముఖాన రెండు పెద్ద కళ్లు. వేలు దగ్గరికి పెడితే దారం వదులుతూ కిందికి జారిపోతుంది. అది సాలీడు! మిర్మాప్లాటా ప్లాటలియోయిడిస్ అనే ఈ గెంతే సాలీడును 1869లోనే శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ఎర్రచీమ కరిచి, ఆ గాయం మీదే యాసిడ్ చిమ్ముతుంది. అందుకే చాలా జీవులు దాని జోలికి పోవు. ఆ భయమే ఈ సాలీడుకు రక్ష. ఇలాంటి అనుకరణను అమెజాన్ సీతాకోకచిలుకల్లో గమనించి హెన్రీ బేట్స్ 1862లో వివరించాడు.

తోట దాటి కంది చేలోకి, బొబ్బర చేలోకి వెళ్తే పరీక్ష ఇంకా కష్టం. కాయల మీద నల్లచీమల్లా తిరిగేవాటిలో రిప్టోర్టస్ అనే నల్లి జాతి పురుగు పిల్లలూ ఉంటాయి. వీటికీ ఆరు కాళ్లే కాబట్టి కాళ్ల లెక్క ఇక్కడ సరిపోదు. మీసాలు చూడాలి. చీమ మీసం మోచేయిలా వంగి ఉంటుంది, దీనికి ఆ మడత ఉండదు. నోరు చూడాలి. చీమకు దవడలుంటాయి, దీనికి తల కింద మడిచిపెట్టుకున్న సూదిలాంటి ముక్కు ఉంటుంది. ఆ ముక్కును కాయలోకి దించి రసం పీల్చేస్తే గింజ ముడుచుకుపోతుంది.

ఈ గుర్తింపును నేను కాలక్షేపం అనుకోను. చీమలే కదా అని వదిలేస్తే పంట పోతుంది. పురుగు కనిపించిందని మందు కొట్టేస్తే, మామిడి పురుగుల్ని వేటాడే ఎర్రచీమలూ పోతాయి, వాటి చాటున బతికే సాలీడూ పోతుంది. మన ఊళ్ల బడిపిల్లల చేతికి తలా ఒక భూతద్దం ఇచ్చి చేలగట్ల మీదికి తీసుకెళ్లాలి. కాళ్లు, మీసాలు, నోరు చూసి పేరు చెప్పగలిగిన పిల్లలున్న ఇంట్లో మందు డబ్బా మూత తొందరపడి తెరుచుకోదు.