ముందు ఆ మైదానాన్ని చూద్దాం

జార్జియా ఓకీఫ్ అనగానే పువ్వులు గుర్తొస్తాయి. వాటిలో స్త్రీ శరీరాన్ని వెతికిన విమర్శకులూ గుర్తొస్తారు. అది కాదని ఆమె ఎంత చెప్పినా వాళ్ళు వినలేదు. ఆ పువ్వులకు ముందూ, వాటితోపాటూ ఆమె ప్రకృతిని ఎలా చూసిందో ఎవరికి పట్టింది?

1915లో సౌత్ కరోలినాలో పాఠాలు చెప్పుకుంటూ, రంగులు పక్కనపెట్టి బొగ్గు పట్టుకుంది. స్నేహితురాలికి పంపిన ఆ బొమ్మల్ని 1916లో స్టీగ్లిట్జ్ ఆమెను అడక్కుండానే న్యూయార్క్‌లో ప్రదర్శించాడు. వాటిని స్త్రీ అంతరంగంగా ప్రచారం చేసిందీ ఆయనే.

ఆడపిల్లలు ఇంట్లో కూర్చుని నేర్చుకునే సున్నితమైన విద్యగా చూసిన నీటిరంగులతోనే 1917లో ఆమె టెక్సాస్ మైదానం మీద తెల్లవారడాన్ని మూడు కాగితాల మీద పట్టింది. నీలంలోంచి నీలంలోకి పాకే వెలుగు తప్ప అక్కడేమీ లేదు. 1922 నాటి ‘ఎ స్టార్మ్’లో పాస్టెల్ పొడి మెరుపై చీలుతుంది.

మనం చెట్టు గురించి రాసినా అందులో మన కాపురాన్ని వెతికే సమీక్షలు మనకు కొత్త కాదు. అంతరంగాన్ని వెతకొద్దని అనను. కానీ స్త్రీ తన బయటికి కూడా చూడగలదని ముందు నమ్మాలి కదా!