ముగింపు మారిన హాస్యం: 'క్లర్క్స్' చిత్రం, గృహ వీడియో అనుబంధాల పాఠవిమర్శ

ఒక కృతికి ప్రామాణిక పాఠం ఏది అన్న ప్రశ్న తెలుగు పరిశోధనకు కొత్త కాదు. తాళపత్ర ప్రతులను సేకరించి, పోల్చి, పాఠాంతరాలు గుర్తించిన సి.పి. బ్రౌన్ కాలం నుంచి ఈ ప్రశ్న పరిష్కర్తలను వెంటాడుతూనే ఉంది. అచ్చుయంత్రం వచ్చాకనూ అది తీరలేదు. 1897 నాటి తొలి 'కన్యాశుల్కం', 1909 నాటి మలి 'కన్యాశుల్కం' రెండూ గురజాడవే, రెండూ హాస్యప్రధానమైనవే, అయినా రెండింటిలోని మధురవాణి ఒక్కతి కాదు. సినిమా విషయంలో ఈ ప్రశ్న చాలాకాలం తలెత్తకపోవడానికి కారణం సామాన్యమైనది. కత్తిరించిన ఫిల్మును చూసే అవకాశం ప్రేక్షకుడికి లేదు. లేజర్ డిస్క్, ఆ తర్వాత డీవీడీ ఆ అవకాశాన్ని కల్పించాయి. తొలగించిన సన్నివేశాలు, దర్శక వ్యాఖ్యానం, తొలి కూర్పు, నిర్మాణగాథ అన్నీ ఒకే అట్టపెట్టెలో చేరి మార్కెట్టుకు వచ్చాయి. ఈ అనుబంధాలను వ్యాపారపు కొసరుగా చూసి వదిలేయడం విమర్శకు నష్టం. అవి మూలపాఠపు అర్థాన్నే ఎంతగా మార్చగలవో చూపడానికి అమెరికన్ స్వతంత్ర సినిమాలో 'క్లర్క్స్' (1994) కంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

కెవిన్ స్మిత్ రచన, దర్శకత్వంలో వచ్చిన ఈ నలుపు తెలుపు చిత్రం నిర్మాణవ్యయం 27,575 డాలర్లు. క్రెడిట్ కార్డుల మీద అప్పు, అమ్ముకున్న కామిక్ పుస్తకాలు, వరదలో పాడైన కారుకు వచ్చిన బీమా సొమ్ము కలిసి ఆ పెట్టుబడి అయ్యాయి. న్యూజెర్సీ రాష్ట్రంలోని లియొనార్డోలో స్మిత్ స్వయంగా గుమాస్తాగా పనిచేస్తున్న 'క్విక్ స్టాప్' దుకాణమే చిత్రీకరణ స్థలం. పగలు అక్కడ సిగరెట్లు, పాలు అమ్మి, రాత్రి అక్కడే సినిమా తీశాడు. అలా 21 రాత్రులు. 1994లో సండాన్స్ ఉత్సవంలో గుర్తింపు పొంది మిరామాక్స్ సంస్థ ద్వారా విడుదలైంది. అదే ఏడు కాన్ విమర్శకుల వారంలోనూ పురస్కారం అందుకుంది. 2019లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేరింది.

కథ అనదగినది స్వల్పం. సెలవురోజున యజమాని పిలుపుతో దుకాణానికి వచ్చిన డాంటే హిక్స్ (బ్రయన్ ఓహాలరన్) ఆ ఒక్కరోజులో పడే అవస్థలు, పక్కనున్న వీడియో దుకాణంలో పనిచేస్తూ అందులో తప్ప అన్నిచోట్లా కనిపించే మిత్రుడు రాండల్ (జెఫ్ ఆండర్సన్) వాగ్ధోరణి, వచ్చిపోయే కొనుగోలుదార్లు. ఈ రోజు తాను ఇక్కడ ఉండవలసినవాడినే కాదని డాంటే పదేపదే వాపోతాడు. అది చిత్రానికి పల్లవి.

పేదరికం రూపాన్ని నిర్ణయించిన తీరుకు దుకాణపు షట్టరు చక్కని నిదర్శనం. చిత్రీకరణ రాత్రిపూట, కథ జరిగేది పగలు. కిటికీలోంచి చీకటి కనిపించకూడదు. అందుకని తాళాల్లో ఎవరో చూయింగ్ గమ్ కుక్కారనీ, షట్టర్లు తెరుచుకోవడం లేదనీ కథలో కల్పించారు. దుకాణం తెరిచే ఉందని బూటుపాలిష్‌తో గుడ్డమీద రాసి డాంటే బయట వేలాడదీస్తాడు. నిర్మాణపరమైన ఇబ్బంది ఇక్కడ ఒక హాస్యవస్తువై, అంతటితో ఆగక, తెరిచి ఉన్నా మూసినట్టే ఉన్న ఒక జీవితానికి దృశ్యరూపమైంది. ఈ సంగతి తెలియని ప్రేక్షకుడు ఆ గుడ్డను చూసి నవ్వుతాడు. అనుబంధాల ద్వారా తెలిసినవాడూ నవ్వుతాడు; కాని ఆ నవ్వు వేరు.

అనుబంధాల చరిత్ర 1995 నాటి లేజర్ డిస్క్‌తో మొదలవుతుంది. దర్శకుడు, సహచరులు కలిసి చెప్పిన వ్యాఖ్యానం, తొలగించిన సన్నివేశాలు అందులో చేరి తర్వాత డీవీడీకి సంక్రమించాయి. 2004లో దశవార్షిక సంచికగా వచ్చిన మూడు డిస్కుల 'క్లర్క్స్ ఎక్స్'లో చిత్రపు తొలి కూర్పు మొత్తంగా దొరికింది. 'స్నోబాల్ ఎఫెక్ట్' అనే నిర్మాణగాథ, 'ద ఫ్లయింగ్ కార్' అనే లఘుచిత్రం, ఫిల్మ్ స్కూలు రోజుల్లో స్మిత్, స్కాట్ మోజియర్ తీయబోయి విఫలమైన డాక్యుమెంటరీ గురించిన మరో చిన్న చిత్రం కూడా ఉన్నాయి. వీటన్నిటిలో విమర్శకు ముఖ్యమైనది తొలి కూర్పు. అందులోనూ దాని ముగింపు.

విడుదలైన చిత్రంలో రాండల్ బయటికి వెళ్తూ ఆ గుడ్డను లోపలికి విసిరేసి, దుకాణం మూసేశావని పరిహాసంగా చెప్పడంతో కథ ముగుస్తుంది. తొలి కూర్పులో అంతటితో ముగియదు. రాండల్ వెళ్లాక ఒక దొంగ వస్తాడు. డాంటేను తుపాకీతో కాల్చి, గల్లాపెట్టె సొమ్ము తీసుకుపోతాడు. డాంటే శవం నేలమీద ఉండగా చిత్రం పూర్తవుతుంది. స్వతంత్ర చిత్రాల మార్గదర్శి జాన్ పియర్సన్ వంటి అనుభవజ్ఞుల సలహాతో స్మిత్ ఈ ముగింపును తీసివేశాడు. తెలుగు నాటకానికి ఈ రకమైన ఇరకాటం పరిచితమే. మరణంతో ముగించడానికి ప్రాచీన నాట్యసంప్రదాయం ఒప్పుకోని చోట ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'విషాద సారంగధర'తో కొత్త దారి తొక్కారు. స్మిత్ ప్రయాణం ఎదురుదిశలో సాగింది: విషాదాంతం రాసుకుని దానిని వదులుకున్నాడు.

ఆ ముగింపు అనుభవలేమి వల్ల అతికించిన తోక అన్నది సాధారణంగా వినిపించే మాట. తనకు సినిమాను ఎలా ముగించాలో తెలియలేదని స్మిత్ కూడా చెప్పుకున్నాడు. కాని రచయిత మాటే రచనకు తుది ప్రమాణం కానక్కరలేదు. చిత్రంలో మిగిలిన ఆధారాలు వేరే కథ చెబుతున్నాయి. 'స్టార్ వార్స్' చిత్రాల గురించిన ప్రసిద్ధ సంభాషణను చూడవచ్చు. అసంపూర్తిగా ఉన్న రెండవ డెత్ స్టార్ పేలినప్పుడు దానిలో పనిచేస్తున్న కంట్రాక్టు కూలీలు, కప్పులు వేసేవాళ్లు, యుద్ధంతో సంబంధం లేనివాళ్లు చనిపోయి ఉంటారని రాండల్ వాదిస్తాడు. పక్కనే ఉన్న ఇంటికప్పుల కంట్రాక్టరు కల్పించుకుంటాడు. ఒక నేరగాడి ఇంటి పని తాను కాదనుకున్నాననీ, ఒప్పుకున్న మిత్రుడు అక్కడ తుపాకీ గుండుకు బలయ్యాడనీ చెబుతాడు. ఇతరుల గొడవలో, ఇతరుల స్థలంలో, కూలి కోసం వెళ్లినవాడు చావడం అనే అంశం చిత్రం మొదటి భాగంలోనే హాస్యముసుగులో నాటబడింది. సెలవురోజున యజమాని దుకాణంలో డాంటే చావడం ఆ విత్తనానికి మొలకే. అదే సంభాషణలో డాంటే 'ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' దిగులుతో ముగుస్తుంది కనుక అదే మెరుగంటాడు; తన ముగింపును తానే సమర్థించుకుంటున్నట్టు! ముగింపు పోయినా దాని వేళ్లు పాఠంలో మిగిలాయి. తొలి కూర్పు దొరక్కపోయి ఉంటే ఈ సంభాషణ సినిమా పిచ్చివాళ్ల కబుర్లుగానే మిగిలేది. అనుబంధం మూలానికి అర్థాన్ని తిరిగి ఇచ్చిందనడానికి ఇది చాలు.

అయితే తొలి ముగింపు పొందికగా ఉందనడం, అది మెరుగైనదనడం ఒకటి కాదు. చిత్రం చివర రాండల్ డాంటేను నిలదీస్తాడు. తన బతుకును ఎవరో పాడుచేశారన్న డాంటే ఫిర్యాదు అబద్ధమనీ, రమ్మంటే వచ్చినవాడు తానేననీ, వెళ్లదలచుకుంటే వెళ్లవచ్చుననీ, చేసేది గుమాస్తాగిరీ అయినా తానేదో గొప్పవాడినన్న భ్రమ మాత్రం పోలేదనీ ఆ మాటల సారం. ఈ అభియోగానికి డాంటే జవాబు చెప్పాలి. తుపాకీ గుండు అతన్ని ఆ బాధ్యత నుంచి తప్పిస్తుంది. అంతేకాక, ఈ రోజు రావలసింది కాదన్న అతని ఏడుపునే నిజం చేసి పెడుతుంది. అప్పుడు రాండల్ ఓడిపోతాడు, కేవలం యాదృచ్ఛికం చేతిలో. విడుదలైన ముగింపులో డాంటేకు మరణం లేదు, మళ్లీ మర్నాడు ఉంది. గల్లాపెట్టె వెనక నిలబడే మనిషికి ఏది ఎక్కువ కఠినమో చెప్పనక్కరలేదు. కనుక పాఠనిర్ణయంలో రెండవ కూర్పునే ప్రమాణంగా తీసుకుని, తొలి కూర్పును దానికి వ్యాఖ్యగా నిలపడం సమంజసం.

అన్ని అనుబంధాలూ ఇంత మేలు చేయలేదు. డాంటే, రాండల్ ఒక పూర్వస్నేహితురాలి అంత్యక్రియల సందర్శనకు వెళ్తారు. చిత్రంలో వాళ్లు లోపలికి వెళ్లడం, వెంటనే తరిమేస్తుంటే పరుగెత్తుకు రావడం మాత్రమే కనిపిస్తాయి. శవపేటిక తలకిందులైందని తర్వాత కారులోని మాటల వల్ల తెలుస్తుంది. ఆ లోపలి సన్నివేశం చిత్రీకరించలేదు. 2004 సంచికలో దానిని యానిమేషన్‌గా తయారుచేసి చేర్చారు. పరిష్కర్తల భాషలో చెప్పాలంటే ఇది పాఠాంతరం కాదు, ప్రక్షిప్తం; రచయితే చేసినా సరే. చెప్పకుండా విడిచినది చెప్పినదానికంటె ఎక్కువ నవ్వించిన అరుదైన చోటు ఇది. ఖాళీని పూరించాక మిగిలింది ఒక సాధారణమైన అల్లరి.

నిర్మాణగాథ సంగతి మరొకటి. ప్రబంధానికి అవతారిక ఎలాంటిదో 'క్లర్క్స్'కు 'స్నోబాల్ ఎఫెక్ట్' అలాంటిది. శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి ఆజ్ఞాపించిన వృత్తాంతం లేకుండా 'ఆముక్తమాల్యద'ను ఊహించలేనట్టే, క్రెడిట్ కార్డుల వృత్తాంతం లేకుండా ఈ చిత్రాన్ని ఇప్పుడు ఎవరూ తలచుకోరు. అవతారిక కృతికి ప్రతిష్ఠ కూరుస్తుంది. కొన్నిటిని కప్పిపెడుతుంది కూడా. 27,575 డాలర్లన్నది చిత్రీకరణ ఖర్చు. థియేటర్లో చూసిన రూపానికి తర్వాత ధ్వని మెరుగుదలకు, 35 మి.మీ. ప్రతికి, పాటల హక్కులకు పంపిణీ సంస్థ పెట్టినది వేరు. ఆ మొత్తం గాథలో అంతగా మెరవదు. నాగేశ్ కుకునూర్ 17 లక్షల రూపాయలతో, 17 రోజుల్లో తీసిన 'హైదరాబాద్ బ్లూస్' (1998) చుట్టూ కూడా ఇలాంటి అంకెలే ముందుగా నిలుస్తాయి. అంకె చిన్నదయ్యే కొద్దీ సినిమా నిజాయితీ పెరుగుతుందన్న నమ్మకం ఇందులో దాగి ఉంది. తెలుగు సినిమాలో తొలగించిన దృశ్యాలు అనుబంధాలుగా గాక, విడుదలైన కొన్ని వారాలకు 'కొత్తగా కలిపిన సన్నివేశాలు'గా మళ్లీ థియేటరుకే చేరడం పరిపాటి. దానివల్ల ఏ కూర్పు ఏదో నిర్ణయించగల సామగ్రి రేపటి పరిశోధకుడికి మిగలదు.

డాంటే మరణం మాత్రం పెట్టెలోనే ఉండిపోలేదు. 2018లో గుండెపోటు నుంచి బయటపడిన స్మిత్, 2022లో 'క్లర్క్స్ III' తీశాడు. అందులో గుండెపోటు వచ్చిన రాండల్, తన దుకాణపు జీవితాన్నే సినిమాగా తీస్తాడు. అంటే తొలి చిత్రపు నిర్మాణగాథే ఇక్కడ కథావస్తువు. చివర డాంటే మరణిస్తాడు, ఈసారి దొంగ చేతిలో కాదు, గుండె ఆగి. 1993లో రాసి తొలగించిన వాక్యం ఇలా మరో రచనలో, మరో కారణంతో, తిరిగి పాఠంలోకి వచ్చింది.